టవర్ పడితే ఎటు పడుతుంది?

ఊళ్లో సెల్ టవర్ పెట్టాలంటే పంచాయతీ పర్మిషన్ కావాలా, అక్కర్లేదా? మా ఊళ్లో ముగ్గురిని అడిగితే మూడు జవాబులొచ్చాయి. పంచాయతీ ఆఫీసులో ‘కావాలి’ అన్నారు. టవర్లకు స్థలాలు చూసి అగ్రిమెంట్లు రాయించే ఏజెంటు ‘ఇప్పుడక్కర్లేదండీ, రూల్ మారిపోయింది’ అన్నాడు. మా పక్కింటి పిన్ని మాత్రం ‘పంచాయతీ సంగతి నాకనవసరం, నన్నడగాలి’ అంది. ముగ్గురిలో చట్టం ఎక్కువ తెలిసినవాడు ఏజెంటే. కానీ ఏడాదిన్నర పాటు ఈ వ్యవహారాన్ని ముందుకు నడిపింది పిన్ని అడిగిన ఒక్క ప్రశ్న.

మాది కోనసీమలో గౌతమి పాయను ఆనుకుని ఉన్న ఒక లంక. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో ఉన్నవాళ్లంతా రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్లు మరి. నేను కాకినాడలో బీటెక్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. కరోనా టైములో ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ తర్వాత నాన్నకు గుండెలో స్టెంట్ వేశారు. అప్పట్నుంచి నెలలో సగం రోజులు ఇక్కడే.

మా దగ్గర ఫోన్ మాట్లాడాలంటే ఏటిగట్టెక్కాలి. గట్టు మీద నిలబడితే ఏటి అవతల యానాం వైపు టవర్లు చక్కగా అందుతాయి. మధ్యలో నీళ్లు తప్ప అడ్డేమీ ఉండదు కదా. గట్టు దిగి తోటలోకి నాలుగడుగులు వేస్తే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. ఇరవై మీటర్ల ఎత్తున్న కొబ్బరిచెట్లు, పైన గొడుగుల్లా మట్టలు, ఆ ఆకుల నిండా తేమ. రేడియో తరంగాలకు తడి ఆకు మంచి స్పాంజి. వానాకాలంలో మరీ. సినిమాల్లో పచ్చగా కనిపించే కోనసీమ ఫోనుకి గోడ లాంటిది.

ఫైబర్ తీగ ఎందుకు లేదని మీరడగొచ్చు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు రూ.149కే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. రోడ్డు పక్క ఊళ్లకు అది నిజంగానే చేరింది. మా లంకలోకి ఆ తీగ రాలేదు. వచ్చినా ప్రతి గాలివానకీ మట్టలు పడి తెగేదేమో.

ప్రభుత్వం దగ్గర సిగ్నల్ లేని ఊళ్ల జాబితా ఒకటుంది. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 24,680 గ్రామాలకు బీఎస్ఎన్ఎల్ 4జీ ఇవ్వాలని రూ.26,316 కోట్లు కేటాయించింది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు. వాటిలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. మన్యం కొండల్లో ఆ అవసరం ఎంత ఉందో మారేడుమిల్లి దాటి వెళ్లినవాళ్లెవరైనా చెప్తారు. కానీ మా లంక అలాంటి జాబితాలోకి రాదు. కాగితాల్లో మేము ఒక పెద్ద రెవెన్యూ గ్రామంలో ముక్క. ఆ గ్రామం నడిబొడ్డున సిగ్నల్ దివ్యంగా ఉంది.

నా ఉద్యోగం సంగతి సరే. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు గొడవలు జరిగాక, కోనసీమలో రెండు వారాల పాటు ఇంటర్నెట్ ఆపేశారు. నాలాంటి వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లంతా సంచులు సర్దుకుని కాకినాడకో రావులపాలెం అవతలకో పోయారు. ఉద్యోగానికి అలాంటి దారేదో దొరుకుతుంది. కానీ 2023 చివర్లో ఒక రాత్రి నాన్నకు మళ్లీ ఛాతీ పట్టేసింది. 108కి ఫోన్ చేయడానికి నేను చీకట్లో గట్టు మీదకు పరిగెత్తాను. అంబులెన్సువాళ్లు దారి అడగడానికి తిరిగి చేస్తారని అక్కడే ఉండిపోవాలి. ఇంటి దగ్గర నాన్న పక్కన అమ్మ ఒక్కతే. అది గ్యాస్ నొప్పేనని తర్వాత తేలింది కానీ, మర్నాడు పొద్దున్నే మా పెద్దమావయ్య ‘మన తోటలో స్థలం ఇస్తాను, టవరెవడు పెడతాడో కనుక్కోరా’ అన్నాడు.

రూల్ ఏమంటుంది

కనుక్కున్నాను. 2016 నవంబరులో కేంద్రం ‘రైట్ ఆఫ్ వే’ నిబంధనలు తెచ్చింది. అంతకుముందు ఒక్కో పంచాయతీ, ఒక్కో మున్సిపాలిటీ ఇష్టమొచ్చినంత ఫీజు అడిగేవి. కొన్నిచోట్ల ఫైలు ఏళ్లపాటు కదిలేది కాదు. ఈ నిబంధనలు టవర్ దరఖాస్తు ఫీజు రూ.10,000 మించకూడదన్నాయి. అరవై రోజుల్లో ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్నాయి. 2022 ఆగస్టులో చేసిన సవరణ ఇంకో అడుగు వేసింది. ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టేవాళ్లకు స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదు. ప్రైవేటు భవనం మీద పెడితే పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా తెలియజేసి, కట్టడం భద్రమేనని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేస్తే చాలు. ఇప్పుడు 2023 టెలికాం చట్టం కింద కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్లోనే. దానికోసం గతిశక్తి సంచార్ అనే పోర్టల్ 2022 మే నుంచే ఉంది.

ఏజెంటు చెప్పింది అబద్ధం కాదన్నమాట. మావయ్య తోట మావయ్యది, కంపెనీ డబ్బు కంపెనీది. మధ్యలో పంచాయతీకి ‘వద్దు’ అనే హక్కు దాదాపు లేదు. ఒక ఇంజినీరుగా నాకు ఈ రూల్ ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఒక్క సంతకం కోసం దేశమంతా టవర్లు ఆగిపోతే ఎలా? కానీ అదే ఏజెంటు మా వీధిలో బైకు ఆపి, ‘మీరెవరూ ఒప్పుకోనక్కర్లేదండీ’ అని ఆడవాళ్ల ముందు అన్న రోజు నుంచే గొడవ మొదలైంది. గోదావరి జిల్లాల్లో మనిషిని ‘అండీ’ అని పిలుస్తూ ఎంత మాటైనా అనొచ్చనుకుంటారు గానీ, అన్నీ చెల్లవు.

మావయ్య చూపించిన జాగా వీధి వైపు ఉంది. లారీ రావడానికి అనువని ఏజెంటు అదే కావాలన్నాడు. అక్కణ్నుంచి పిన్ని ఇల్లు ముప్పై మీటర్లు. పిన్ని మాకు రక్తసంబంధం కాదు, వరస అంతే. బాబాయి నాలుగేళ్ల కిందట క్యాన్సర్‌తో పోయాడు. నేను మాట్లాడదామని వెళ్తే, మంచినీళ్లయితే ఇచ్చింది గానీ కూర్చోమనలేదు.

“ఏరా అబ్బాయ్, నీ ఉజ్జోగం కోసం మా ఇంటి మీద రేడియేషన్ పెడతావా?”

ఊళ్లో ఈ మాట పిన్నిది ఒక్కదానిదే కాదు. రజనీకాంత్ ‘2.0’ సినిమా వచ్చినప్పట్నుంచి పిచ్చుకలు పోయింది టవర్ల వల్లేనని మావాళ్లలో సగంమంది నమ్ముతారు. 2017 మార్చిలో గ్వాలియర్‌లో ఇళ్ల మధ్య ఉన్న ఒక టవర్‌ను, క్యాన్సర్ వచ్చిన ఒక వ్యక్తి ఫిర్యాదు మీద సుప్రీంకోర్టు మూయించిన వార్త కూడా ఎవరి ఫోన్లోనో భద్రంగా ఉంది. కాబట్టి ‘అదంతా పుకారు పిన్నీ’ అంటే సరిపోదు.

నేనొక కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. ఒక యాంటెన్నాకి ఇచ్చే పవర్ సుమారు 20 వాట్లు అనుకుందాం. అది దీపానికి వెనక అద్దం పెట్టినట్టు శక్తినంతా ఒకవైపుకి కేంద్రీకరిస్తుంది. ఆ దిక్కున యాభై రెట్లు అనుకుంటే వెయ్యి వాట్లున్నట్టు. యాభై మీటర్ల దూరం వెళ్లేసరికి అది పరుచుకుని, చదరపు మీటరుకు 0.03 వాట్ల దగ్గర తేలుతుంది. అలాంటివి నాలుగు కలిసి ఒకేసారి నేరుగా మన మీదకే కొట్టినా 0.13. మన దేశంలో 900 మెగాహెర్ట్జ్‌కి పెట్టిన పరిమితి 0.45. అంతర్జాతీయ సంస్థ చెప్పిన 4.5ను 2012 సెప్టెంబరు 1 నుంచి మనవాళ్లు పదో వంతుకు తగ్గించి పెట్టుకున్న అంకె అది. పైగా యాంటెన్నా చూపు దూరంగా ఉంటుంది, టవర్ కిందకు కాదు. ఇంకో సంగతి, సిగ్నల్ అందనప్పుడు చెవి దగ్గర పెట్టుకున్న ఫోను తన పవర్ పెంచుకుని అరుస్తుంది. టవర్ దగ్గరగా ఉంటే గుసగుసలాడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ 2011లో ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి గుంపులో పెట్టిందన్న మాట కూడా దాచకుండా చెప్పాను. నిశ్చయంగా కారకమని తేల్చిన గుంపు వేరు. ఈ 2బి గుంపులో తూర్పు ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. (మన ఆవకాయ కాదులెండి, భయపడకండి.)

పిన్ని కాగితం వంక చూసింది. చదువుకున్నది ఐదో తరగతి. “సరేలే, నువ్వు లెక్కలు బాగానే వేస్తావు. ఇదొక్కటి చెప్పు. ఆ ఇనప టవరు పడితే ఎటు పడుద్ది?”

నా దగ్గర జవాబు లేదు. ఏజెంటు దగ్గరా లేదు.

తొంభై ఆరు

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా ప్రాంతంలో ఎంత విధ్వంసం చేసిందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. నేనప్పటికి పుట్టలేదు. కానీ మా ఇళ్లల్లో తారీకులు చెప్పరు, ‘తుపానుకి ముందు’, ‘తుపాను తర్వాత’ అంటారు. వెయ్యి మందికి పైగా పోయారు. లక్షల కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఒక చెట్టు పిన్ని వాళ్ల పాత పెంకుటింటి మీద పడింది. వాళ్లత్తగారు దాని కింద ఉండిపోయింది. అప్పటికి పిన్ని కాపురానికొచ్చి రెండేళ్లు. కాబట్టి ముప్పై మీటర్ల దూరంలో నలభై మీటర్ల ఇనప చెట్టు నాటుతామంటే ఆవిడ చూసేది రేడియేషన్ని కాదు. ఊళ్లో నలుగురూ అంటున్న మాట కాబట్టి మొదట ఆ మాట వాడిందంతే.

నేను ఆ వారం ఆఫీసు పని అయ్యాక ఇదే చదివాను. గాలి బలం లెక్కలకు మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. దాని మ్యాపులో మన కోస్తాకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015లో దాన్ని సవరించినప్పుడు తూర్పు తీరంలో సముద్రానికి 60 కిలోమీటర్ల లోపల కట్టేవాటికి అదనంగా ఒక గుణకం పెట్టారు. తుపాను తర్వాత అత్యవసరంగా పనిచేయాల్సిన కట్టడాలకు, అంటే తుపాను షెల్టర్లు, ఆసుపత్రులు, సమాచార టవర్ల వంటివాటికి, అది 1.3. అంటే 180 కాదు, 234 కిలోమీటర్ల లెక్కన కట్టాలి. ఒకే డ్రాయింగు పట్టుకుని తెలంగాణలో పెట్టిన టవరే ఇక్కడా పెట్టేస్తే కుదరదు. 2014లో హుద్‌హుద్ దాటాక విశాఖలో ఫోన్లు మూగబోయిన రోజులు ఎవరూ మర్చిపోలేదు.

ఈ ప్రశ్న ఎక్కడ అడగాలి? అనుమతే అక్కర్లేదంటే, ఇక దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పే గది ఏదీ? అదృష్టం కొద్దీ 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. అవి ఉపాధి హామీ పనుల కోసం. మా సభలో కాలువ పూడిక, సిమెంటు రోడ్డు అయ్యాక సర్పంచ్ గారు ‘ఇంకేమైనా ఉందా’ అని మాటవరసకి అడిగారు. పిన్ని లేచింది.

అరగంట గోల. ఒకాయన టవరొస్తే తోటల రేటు పడిపోతుందన్నాడు. ఇంకొకాయన పెరుగుతుందన్నాడు. ఒక కుర్రాడు 5జీ కావాలన్నాడు. మావయ్య తన స్థలం తనిష్టం అన్నాడు గానీ, పిన్ని వైపు చూడకుండా అన్నాడు. చివరికి సర్పంచ్ గారు పంచాయతీ తరఫున కంపెనీకి ఉత్తరం రాయిస్తానన్నారు. అడ్డు చెప్తూ కాదు, మూడు సంగతులు అడుగుతూ. గాలి లెక్క ఏ వేగానికి వేశారు? ఇళ్లకు దూరం ఎంత? వరదొస్తే టవర్ కింద సామాన్లు ఎక్కడుంటాయి?

మూడోది అడిగింది ఓ పడవ సరంగు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు కిందకి వదిలారు. లంకలన్నీ మునిగాయి. పక్క ఊళ్లో టవరుంది. వరద మొదటి రోజు పనిచేసింది. రెండో రోజుకి కింద జనరేటరూ బ్యాటరీలూ నీళ్లలోకెళ్లాయి. పడవ ఎక్కడికి పంపాలో తెలియక తాను రేవు దగ్గర ఖాళీగా నిలబడ్డానని సరంగు చెప్పాడు. వరదలో పనిచేయని టవర్ లంకకెందుకు అన్నాడు. నేను చదివిన నిబంధనల్లో ఈ ముక్క ఎక్కడా కనపడలేదు.

జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. కానీ కంపెనీ నుంచి సివిల్ ఇంజినీరు ఒకాయన వచ్చాడు, నెమ్మదస్తుడు. డ్రాయింగు సచివాలయంలో బల్ల మీద పరిచాడు. 2019 అక్టోబరు 2న మన కరపలోనే మొదలైన ఈ గ్రామ సచివాలయాల వల్ల అంతోఇంతో ఉపయోగం ఏంటంటే, ఊళ్లో ఒక ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉంటాడు, డ్రాయింగు చదవగలడు. గాలి లెక్కలో ఆ 1.3 ఉందా లేదా అని అతనే అడిగాడు. ఉంది. ఇలాంటి ఇనప చట్రాల టవర్లు పడినా నిలువునా చెట్టులా పడవని, ఎక్కువగా నడుమ విరిగి కుంగుతాయని ఇంజినీరు పిన్నికి చేత్తో చూపించాడు.

“అది మీకు చెప్పి విరుగుద్దా?” అంది పిన్ని.

ఆయన నవ్వలేదు. టేపు తీశాడు.

టవర్ తోట వెనక మూలకు జరిగింది. ఇప్పుడు ఏ ఇంటికైనా కనీసం అరవై మీటర్లు. దానికోసం తొమ్మిది కాపు చెట్లు కొట్టాల్సి వచ్చింది. మావయ్య ఆ తొమ్మిది చెట్ల దింపు లెక్క ఇప్పటికీ చెప్తూనే ఉంటాడు. లారీ వెనక్కి వెళ్లడానికి ఇంకొకరి చేను గట్టు వెడల్పు చేయాలి. దానికి మరో నెల, మరో నాలుగిళ్ల టీలు. బ్యాటరీలూ జనరేటరూ పెట్టే దిమ్మెను, రామాలయం అరుగు మీదున్న 2022 వరద మరక కంటే ఎత్తు కట్టాలని పంచాయతీ రిజిస్టరులో రాసుకున్నారు. ఆ మరక ఎత్తును లెవెలింగు పైపుతో తోటలోకి తెచ్చి కొబ్బరిచెట్టు మీద సున్నంతో గీసింది సరంగే. జనరేటరుకు శబ్దం తగ్గించే పెట్టె ఉండాలన్నది కూడా రాశారు. నిజానికి టవర్ పక్కన బతికేవాళ్లకు రోజూ తెలిసే బాధ అదొక్కటే.

పునాది తవ్వితే ఐదడుగులకే నీళ్లు. ఒండ్రు నేల కదా, మోటార్లు పెట్టి తోడుతూనే కాంక్రీటు పోశారు. 2025 వరదలకు ముందే ఆ పని అవ్వాలని అందరికీ తొందర. ఇనుము ముక్కలు ముక్కలుగా వచ్చింది, కొంత పంటు మీద. బోల్టులు బిగించే కుర్రాళ్లు తాడు కట్టుకుని పైకెక్కుతుంటే ఊరంతా మెడలెత్తి చూసింది. కొబ్బరి దింపు తీసే మావాళ్లు మాత్రం ‘ఇదేం గొప్ప’ అన్నట్టు చూశారు.

ఈ గొడవలో ఉండగానే పక్క ఊరి రైతుకు ఒక మెసేజి వచ్చింది. మీ పొలంలో టవర్ పెడతాం, నెలకు ముప్పై వేలు అద్దె, ముందు ట్రాయ్ సర్టిఫికెట్ ఫీజు కట్టండి అని. ఆయన నన్నడగబట్టి బతికాడు. టవర్ పెట్టడానికి ట్రాయ్ గానీ టెలికాం శాఖ గానీ స్థలం యజమాని దగ్గర ఏ ఫీజూ తీసుకోవు, సర్టిఫికెట్టూ ఇవ్వవు. నిజమైన కంపెనీ మీకు డబ్బిస్తుంది, మిమ్మల్ని అడగదు. ఒకవేళ కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మధురపూడి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల వాళ్లయితే ఇంకోటి. 20 కిలోమీటర్ల లోపల టవర్ ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అభ్యంతరం లేదనాలి. ఆ కాగితం కంపెనీవాళ్లే తెచ్చుకోవాలి, అడిగి చూడండి.

మా టవర్ సిగ్నల్ ఇవ్వడం మొదలుపెట్టి కొద్ది నెలలైంది. ఇంట్లో వసారాలో కూర్చుని మీటింగులు మాట్లాడుతున్నాను. అమ్మ ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. జనరేటరు పెట్టె ఇంకా రాలేదు. కరెంటు పోయిన రాత్రి వీధి చివరిదాకా వినిపిస్తుంది. సర్పంచ్ గారు రిజిస్టరు పేజీ ఫొటో తీసి కంపెనీకి రెండుసార్లు పంపారు. దిమ్మె మాత్రం సున్నం గీత కంటే జానెడు పైనే ఉంది.

పిన్ని ఇంకో పని పెట్టింది. టెలికాం శాఖకు తరంగ్ సంచార్ అని ఒక పోర్టల్ ఉంది, 2017 నుంచి. మీ చుట్టుపక్కల ఏ టవర్లున్నాయో, అవి పరిమితుల లోపల ఉన్నాయో లేదో అందులో చూసుకోవచ్చు. అనుమానముంటే రూ.4,000 కట్టి అడిగితే, అధికారులు వచ్చి మీ ఇంటి దగ్గరే కొలిచి చెప్తారు. నేను వేసిన లెక్క కాగితం మీద, కొలత కొలతే అంది పిన్ని. నాకు దానికి ఎదురు చెప్పడానికేమీ కనిపించలేదు. డబ్బు నేను కడతానంటే ఒప్పుకోలేదు. డ్వాక్రా పొదుపులోంచి రెండు వేలు తెచ్చింది, మిగతా రెండు వేలు మావయ్య చేత అద్దెలోంచి పెట్టించింది. దరఖాస్తు నా ల్యాప్‌టాప్ మీదే, ఆవిడ అరుగు మీద కూర్చునే పెట్టాం.

“వాళ్లొచ్చి కొలిచాక కాయితం ఇస్తారా?” అంది.

“ఇస్తారు పిన్నీ.”

“నీ ఫోన్లో కాదు, కాయితం మీద తీయించి నాకియ్యి. బీరువాలో పెట్టుకుంటాను.”